బావి ఊసెత్తని కృతజ్ఞత

దివ్యఖుర్ఆన్‌లోని పన్నెండవ సూరా 'యూసుఫ్'లో 111 ఆయతులున్నాయి. ఒక కుటుంబం చెదిరిపోయి, ఏళ్ల తరబడి విలపించి, మళ్లీ ఒక్కచోట చేరిన వృత్తాంతమది. ఆ కలయిక వేళ హజ్రత్ యూసుఫ్ (అలైహి) అల్లాహ్ చేసిన మేళ్లను స్మరించారు. తనను చెరసాల నుంచి విడిపించిన మేలు చెప్పారు, తనవారిని ఎడారి నుంచి తన చెంతకు చేర్చిన మేలు చెప్పారు. బావిలో నుంచి బయటపడిన సంగతి మాత్రం ఎత్తలేదు. నిజానికి ఆయన కష్టాలకు మొదలు ఆ బావే. కాని అందులో పడవేసిన అన్నలు ఎదుటనే ఉన్నారు. వారు సిగ్గుతో తల దించుకోకూడదనే ఆ మాట విడిచారని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు వివరించారు. తమ మధ్య కలతలు రేపింది షైతాన్ అన్నారే గాని, ఫలానా అన్న అనలేదు.

మన ఇళ్లలో షుక్ర్ తరచూ మరోలా వినిపిస్తుంది. "అల్లాహ్ దయవల్ల మా అమ్మాయి నికాహ్ జరిగింది. ఆనాడు మా గడప తొక్కినవాడు లేడు లెండి!" ఇందులో మొదటి మాట అల్లాహ్‌కు, రెండోది దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్న మరిదికి. ఇక ఆ బిర్యానీ ఆయన గొంతు దిగదు.

అయితే యూసుఫ్ (అలైహి) తప్పును తప్పనకుండా దాచారా? లేదు. కరవు కాలంలో ధాన్యం కోసం వచ్చిన అన్నలను, యూసుఫ్ పట్ల, అతని తమ్ముని పట్ల ఏం చేశారో గుర్తుందా అని సూటిగానే అడిగారు. వారు తప్పు ఒప్పుకున్నారు. ఇక మీపై నింద లేదని ఆయన అన్నారు. ఆ లెక్క అక్కడితో ముగిసింది.

ఈ క్రమాన్ని వదిలేసి కొందరు యూసుఫ్ పేరును అడ్డం పెట్టుకోవడం నాకు మింగుడుపడదు. తండ్రి ఆస్తిలో కుమార్తెకు కుమారుని వాటాలో సగం అని సూరా నిసా నిర్ణయించింది. అది ఇవ్వకుండానే "మాఫ్ చెయ్యమ్మా, సబ్ర్ చెయ్యి" అంటారు. మాఫీ కోరేవారు ముందు ఒప్పుకోవాలి కదా! చెల్లెలు పెద్దల సమక్షంలో తన హక్కు అడగవచ్చు. పుట్టింటి బంధం అంతమాత్రాన తెగదు. మేనల్లుడి నికాహ్‌లో ఆమె ఆ ఊసెత్తకపోవడం ఔదార్యం. ఆ మౌనాన్ని మాఫీగా జమ కట్టుకోవడం అన్యాయం.

అన్నలు ఎప్పటికైనా ఒప్పుకుంటారని ఆమె ఆశించవచ్చా? హజ్రత్ యాఖూబ్ (అలైహి) కళ్లు తెల్లబడేదాకా దుఃఖించారు. విశ్వాసి కంటతడి పెట్టరాదనేవారు ఆ ఆయతును మరోసారి చదవాలి. అంత దుఃఖంలోనూ, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ వద్దంటూ కుమారులను వెతకడానికి పంపారు. యూసుఫ్ (అలైహి) కూడా కరవు రాదని ఎవరికీ ధైర్యం చెప్పలేదు. ఏడేళ్లు సేద్యం చేసి, తిండికి కావలసిన కొద్దిపాటి తప్ప మిగిలిన ధాన్యాన్ని వెన్నులతోనే నిల్వ చేయమన్నారు. జొన్న విత్తనాన్ని కంకులతో దాచే మన రైతులకు అందులోని తెలివి వేరే చెప్పనక్కర్లేదు.

ఆ చెల్లెలు భూమి కాగితాలు భద్రంగా దాచుకోవాలి. ఈద్ నాడు అన్నగారింటికి షీర్‌ఖుర్మా గిన్నె కూడా పంపాలి. తిరిగి వచ్చేటప్పుడు ఆ గిన్నెలో ఏముంటుందో ఇప్పుడే చెప్పలేం.