ఉంగరాల జుట్టూ, గోరింటాకూ

ఆషాఢమాసం వచ్చిందంటే నాకు వచ్చే ఉత్తరాల్లో సగం గోరింటాకువే. చేతులకి బాగా పండాలంటే యేం కలపాలి అన్నది యేటేటా వుండే ప్రశ్న. ఈసారి మాత్రం అయిదారుగురు తలకి పెట్టుకోవడం గురించి అడిగారు. వాటిలో ఒక తల్లి రాసిన ఉత్తరం చదివి పక్కన పెట్టి, మళ్ళీ తీసి చదివాను.

వారి అమ్మాయికి సంబంధం కుదిరింది. మాఘంలో ముహూర్తం. పెళ్ళిచూపులనాడు కాబోయే వియ్యపురాలు, "పిల్ల లక్షణంగా వుంది, ఆ జుట్టే కాస్త..." అంటూ మాట పూర్తి చెయ్యకుండానే కాఫీ గ్లాసు అందుకున్నారట. ఆ పూర్తికాని మాట ఈ తల్లి గుండెలో ముల్లులా దిగబడింది. అమ్మాయిది ఉంగరాల జుట్టు. ప్రతి ఆదివారం దట్టంగా గోరింటాకు పట్టిస్తే, ఆ బరువుకి ఉంగరాలు సాగి మాఘం నాటికి జుట్టు తిన్నబడుతుందని పక్కింటావిడ చెప్పారట. "రెండు వారాలుగా మొదలుపెట్టాను, ఇంకా యేం కలపమంటారు?" అని ఆవిడ ప్రశ్న. ఉత్తరం అడుగున వేరే దస్తూరీలో రెండు ముక్కలున్నాయి: "నా జుట్టంటే నాకిష్టమేనండీ. గోరింటాకు వాసనా ఇష్టమే. కాని వారం వారం అంటే భయంగా వుంది."

ముందు అమ్మగారికి చెబుతాను. జుట్టు ఉంగరాలు తిరగడం వెంట్రుక పైన జరిగే పని కాదు, మాడులోపల జరిగేది. వెంట్రుక మొలిచే కుదురు నిటారుగా వుంటే జుట్టు తిన్నగా వస్తుంది, ఆ వెంట్రుకని అడ్డంగా కోస్తే గుండ్రంగా వుంటుంది. కుదురు వంపు తిరిగి వుంటే వెంట్రుక గూడా వంపుతోనే పైకి వస్తుంది, అడ్డకోత కాస్త నొక్కుకుపోయినట్టు వుంటుంది. ఆ కుదురు మీ అమ్మాయికి పుట్టుకతో వచ్చింది, మీవైపు నుంచో, మీవారివైపు నుంచో. పైన యెంత పూత వేసినా లోపలి అచ్చు మారదు. తల వెంట్రుకలు నెలకి సుమారు అరంగుళం పెరుగుతాయి. ఈ ఆషాఢం నుంచి మాఘానికి మూడు, మూడున్నర అంగుళాల కొత్త జుట్టు వస్తుంది. అదంతా ఉంగరాలతోనే వస్తుంది.

మరి గోరింటాకు చేసే పనేమిటి? ఆకులో లాసోన్ అనే రంగు పదార్థం వుంది. తూకంలో నూటికి ఒక పాలు, అటూ ఇటూగా. వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారైనది. లాసోన్ వెళ్ళి ఆ కెరటిన్‌ని గట్టిగా పట్టుకుంటుంది. మందారాకు, మెంతిపిండి లాంటివి రాసుకుంటే తలంటుతో పోతాయి. గోరింట పోదు. ఆ వెంట్రుకని కత్తిరించిననాడే పోవడం. ఈ వారం పెట్టినదాని మీద వచ్చే వారంది, దాని మీద ఆపై వారంది. మాఘం దాకా ఆదివారాలు లెక్కపెట్టండి, సుమారు 30 పూతలు! కొందరికి అన్ని పూతలకీ ఉంగరాలు కొంచెం వదులైన మాట నిజమే, కొందరికి యేమీ కాదు. వదులైతే మాత్రం ఒరిగేదేముంది? కుదుళ్ళ దగ్గర మూడంగుళాలు ఉంగరాలు, కిందంతా బిగుసుకున్న కొబ్బరిపీచు. పెళ్ళిపీటల మీద అది యే జడకీ లొంగదు.

ఉంగరాల జుట్టుకి ఇంకో చిక్కుంది. మాడు దగ్గర పుట్టే సహజమైన జిడ్డు తిన్నటి వెంట్రుక మీద చివరిదాకా జారుతుంది. మెలికల వెంట్రుక మీద నాలుగు మలుపులు తిరిగేసరికే ఆగిపోతుంది. అంచేత కొసలు యెప్పుడూ పొడిగానే వుంటాయి. మలుపు దగ్గర వెంట్రుక బలహీనం, దువ్వెన తగిలితే తెగేది అక్కడే. గోరింటాకులో కరక్కాయలో వున్నట్టు వగరు గుణం వుంది, ఆ వగరు జుట్టుని మరికాస్త యెండబెడుతుంది. పైగా కొసల వయసు ఆలోచించండి. రెండడుగుల జుట్టు కొస అంటే నాలుగేళ్ళ నాటి వెంట్రుక. నాలుగేళ్ళ యెండలూ, తలంట్లూ, దువ్వెనలూ చూసిన ముసలిది. దాన్ని వారానికోసారి బాధించడం న్యాయమా?

ఇంతకీ మానెయ్యమని నేను చెప్పడం లేదు. పద్ధతిగా పెడితే ఉంగరాల జుట్టుకి గోరింటాకు యెంతో అందం. మెలికల జుట్టు మీద వెలుతురు చెదిరిపోయి, యెంత నూనె రాసినా మెరుపు కనబడదు. గోరింట పూత ఆ గరుకుని కొంత సర్దుతుంది. నల్లటి జుట్టులో యెండలో నిలబడితే తప్ప తెలియని యెరుపు వస్తుంది. (తెల్లవెంట్రుకలున్న వారికి మాత్రం నారింజపండు రంగే.) అమ్మాయి జుట్టుకి నిడివి మొత్తం ఒకసారి, మహా అయితే రెండుసార్లు చాలు. ఆ తరవాత రెణ్ణెల్లకో, మూణ్ణెల్లకో కుదుళ్ళకి మాత్రమే.

దొడ్లో చెట్టుంది కదా అని పచ్చి ఆకు రుబ్బి పట్టించకండి. చేతికి దాన్ని మించింది లేదు, ఒప్పుకుంటాను. కాని ఆ నలక ఉంగరాల్లో చిక్కుకుందంటే మూడు తలంట్లకి గూడా రాదు. నీడన ఆరబెట్టి, దంచి, వస్త్రగాళితం చేసిన పొడి కావాలి. అంత ఓపిక లేనివారు కొనుక్కోవచ్చు. రాజస్థాన్‌లో పాలీ జిల్లా సోజత్ గోరింట తోటలకి పేరుపడ్డ చోటు, 2021లో ఆ ఊరి గోరింటకి భౌగోళిక గుర్తింపు గూడా వచ్చింది. పొట్లం మీద యే ఊరి పేరున్నా సరే, దినుసుల పట్టిక చదవండి. అందులో గోరింటాకు ఒక్కటే వుండాలి.

100 గ్రాముల పొడి నడుము దాకా వున్న జుట్టుకి చాలదు, భుజాల దాకా అయితే సరిపోతుంది. అందరూ నిమ్మకాయ పిండుతారు. పులుపు వుంటే రంగు బాగా దిగే మాట నిజమే కాని, నిమ్మరసం యెక్కువైతే పొడి జుట్టు ఇంకా పొడిబారుతుంది. ఉంగరాల జుట్టుకి నేను చెప్పేది పుల్లమజ్జిగ, లేదా రెండు చెంచాల ఉసిరికపొడి కలిపిన గోరువెచ్చని నీళ్ళు. ఉసిరిక వేస్తే రంగు గూడా మరీ యెర్రగా కాక కొంచెం గోధుమ చాయకి తిరుగుతుంది. అట్లపిండిలా జారుగా కలపాలి. గారెపిండిలా ముద్ద చేస్తే మెలికల్లోకి దిగదు. నాలుగైదు గంటలు నాననిస్తే మన వాతావరణానికి చాలు.

"ఇనపమూకుట్లో నానబెట్టమంటారా?" అని ఇంకో సోదరి అడిగారు. టీ డికాక్షను పోసి ఇనపమూకుట్లో రాత్రంతా వుంచితే ముద్ద నల్లబడుతుంది. టీలోని వగరూ ఇనుమూ కలిస్తే నలుపు పుట్టడం మన కలంకారీ వాళ్ళకి తరతరాలుగా తెలిసిన రహస్యమే. శ్రీకాళహస్తిలో బట్టని ముందు కరక్కాయ నీళ్ళలో ముంచి, తరవాత ఇనపముక్కలు బెల్లంతో ఊరబెట్టిన నీళ్ళతో గీస్తారు, గీసిన చోట గీత నల్లబడుతుంది. పాతకాలపు సిరా తయారీ గూడా ఇదే సూత్రం. అది బట్టకి మంచిది. పొడిబారిన జుట్టుకి ఆ అదనపు వగరు దేనికి? మట్టిపాత్రో, గాజుపాత్రో చాలు. కోడిగుడ్డు సంగతీ అంతే. జుట్టుకి బలమని చెప్పి కొడతారు. మాడు దాటి బయటికి వచ్చిన వెంట్రుక తిండి తినదు. గుడ్డుసొనలోని కొవ్వు వల్ల కాస్త మెత్తబడుతుంది, నిజమే, కాని ఆ నీచు మూడ్రోజులు ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

పెట్టే ముందు తలంటి నూనె జిడ్డు వదిలించాలి. నూనె తల మీద రంగు సరిగా దిగదు. తడిగా వుండగానే చిక్కు తీసి, ఎనిమిదో పదో పాయలు చేసి, కుదుళ్ళ నుంచి కొసలదాకా చేత్తో పట్టించండి. తరవాత ప్లాస్టిక్ కాగితం చుట్టేయాలి. ఇది ముఖ్యం సుమా! పూత యెండి పెళుసెక్కితే మలుపుల దగ్గర వెంట్రుకలు పుటుక్కున తెగుతాయి. రెండు గంటలు, పోనీ మూడు. కడగడానికి బకెట్టు నిండా నీళ్ళు పెట్టుకుని, తల వంచి జుట్టంతా అందులో ముంచి ఆడించడం తేలిక. మూడు బకెట్ల నీళ్ళకి నీరు తేటబడుతుంది. ఆ రోజు కుంకుడుకాయా వద్దు, షాంపూ వద్దు. కండిషనర్ ధారాళంగా రాసి, జారుడుగా వున్నప్పుడే పళ్ళు యెడంగా వున్న దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తియ్యండి. టర్కీ టవలుతో రుద్దకుండా పాత నూలు పంచె ముక్కతో అద్దండి. మొదట కనబడ్డ రంగు చూసి కంగారుపడవద్దు, రెండురోజుల్లో అది ముదురుతుంది.

అసలు పెట్టుకోవాలో వద్దో తేల్చుకోలేనివారికి ఒక సులువు. దువ్వుకున్నప్పుడు రాలిన చిక్కు ఉండ చుట్టి దాచండి. పూర్వం అలా దాచి సవరాలు కట్టించుకునేవారు. ఆ ఉండకి గోరింటాకు పట్టించి, కడిగి, ఆరాక చూసుకుంటే తల మీద యేమవుతుందో ముందే తెలుస్తుంది.

ఇక "నల్ల గోరింటాకు" అన్న మాట యెక్కడ కనబడ్డా దూరంగా జరగండి. గోరింటాకు ఒంటరిగా నలుపునివ్వదు. పది నిముషాల్లో నల్లగా పట్టేది యేదైనా అందులో పారాఫినైలిన్‌డయమిన్ అనే రసాయనం వుండివుండాలి. అది పడని వారికి మాడు పొక్కుతుంది, మొహం వాస్తుంది, ఒకసారి పడకపోతే జన్మంతా పడదు. నలుపే కావాలంటే గోరింట తరవాత నీలి ఆకు పొడి పట్టించే పాత పద్ధతి వుంది. ఒకప్పుడు కడప, నెల్లూరు ప్రాంతాల్లో నీలి విస్తారంగా పండించేవారు. కాని అది గూడా జుట్టుని యెండబెట్టేదే. "రంగులేని గోరింట" అని అమ్మేది అసలు గోరింటే కాదు, తంగేడు జాతికి చెందిన ఒక మొక్క ఆకు. యేది కొన్నా మోచేతి మడతలో కాస్త రాసి రెండు రోజులు చూడండి.

జుట్టు సంగతి కాకపోయినా ఇక్కడే ఒక మాట చెప్పాలి. ముద్దుగా వుంటుందని పసిపిల్లల అరికాళ్ళకి గోరింటాకు పెట్టకండి. జి6పిడి అనే ఎంజైము లోపం కొందరికి పుట్టుకతో వుంటుంది, చూస్తే తెలియదు. అలాంటి పిల్లలకి గోరింట పెడితే రక్తకణాలు చితికి, తీవ్రమైన కామెర్లు వచ్చి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు వైద్యులు నమోదు చేశారు.

గోరింటాకు వల్ల కాదని తెలిశాక ఈ తల్లి అమ్మాయిని జుట్టు తిన్నగా చేసే దుకాణానికి తీసుకెడతారేమోనని నాకో అనుమానం. అక్కడ వాడే కొన్ని క్రీముల్లో గ్లయాక్సిలిక్ ఆసిడ్ వుంటుంది. ఒక యువతి మూడుసార్లు అలా చేయించుకుంటే మూడుసార్లూ మూత్రపిండాలు దెబ్బతిన్నాయని ఫ్రెంచి వైద్యులు 2024లో ప్రకటించారు. వియ్యపురాలు పూర్తి చెయ్యని ఒక మాట కోసం ఇంత దూరం వెళ్ళాలా? ఆవిడ ఆ మాట పూర్తి చేసివుంటే "కాస్త దువ్వితే బాగుండేది" అని వుండేదేమో, యెవరికి తెలుసు! మీ అమ్మాయికి తన జుట్టంటే ఇష్టమని మీ ఉత్తరం మీదే రాసింది. అది చూసే మీరు పోస్టు చేశారా, లేక మీకు తెలియకుండా రాసిందా అన్నది నేను అడగను.

అమ్మాయీ, ఇక నీకు. ఇప్పటికి పెట్టిన రెండు పూతలూ చాలు, ఇంక ఆపెయ్యి. వారానికోసారి గోరువెచ్చటి కొబ్బరినూనె కొసలకి రాసుకో. పెళ్ళికి పదిరోజుల ముందు కుదుళ్ళకి మాత్రం ఒకసారి పెట్టుకుంటే రంగు కుదురుకుంటుంది. పూలజడ గుచ్చేవారినడిగి చూడు, నున్నటి జుట్టయితే సూదీ దారమూ జారిపోతాయి, నీ జుట్టు ముహూర్తం దాటి తెల్లవారినా జడని వదలదు. ఒక్కటే జాగ్రత్త. జీలకర్రా బెల్లం తల మీద పెట్టేటప్పుడు తమలపాకులో పెట్టి ఆకుతో సహా అదమమని పెళ్ళికొడుక్కి పురోహితుడిచేత చెప్పించు. ఉంగరాల్లోకి బెల్లం దిగిందంటే పొడిగా వుండగా దువ్వెన పెట్టవద్దు. ముందు గోరువెచ్చటి నీళ్ళు పోసి బెల్లం కరిగేదాకా ఆగు, జీలకర్ర తనంతట తనే జారిపోతుంది.