‘సోవియట్టు’ – పేరును, తీరును

శబ్దములు దేశాంతరముల కేగునపుడు తమ యర్థమును స్వదేశముననే విడిచిపోవుట కలదు. ‘సోవియట్టు’ అను మాట యట్టిది. ఏడుపదుల యేండ్లకు పైగా లోకమందలి పత్రికలన్నిటను కనబడిన యీ మాటను ఒక రాజ్యమునకును, ఒక సిద్ధాంతమునకును పేరుగా నందఱు నెఱుగుదురు. కొందఱి కది యాశ, మఱికొందఱి కది భీతి. రష్యనుభాషలో దాని కర్థమేమని విచారించినవారు మాత్రము స్వల్పము. రాజ్యాంగవిషయములను చర్చించు విద్యావంతులకు ఈ విచారణ నిరర్థకము కాదని మేము తలంచుచున్నాము.

రష్యనులు దీనిని ‘సొవ్యేత్’ అని యుచ్చరింతురు. హితవచనము, ఆలోచన యనునది మొదటి యర్థము. ఆలోచన చేయుటకు కూడిన సభ యనునది రెండవది. పూర్వభాగమునకు ‘కూడి’ యని యర్థము. ఉత్తరభాగము పలుకును దెలుపు ప్రాచీన స్లావుధాతువు. మన ‘సంవాద’ శబ్దపు కూర్పు దీనికి మిక్కిలి చేరువ. మధ్యయుగమున నవ్‌గొరొదు నగరమందు పౌరులు కూడిన ‘వేచె’ యను సభకును ఈ ధాతువే మూలము. నూతనవధూవరులను ‘సొవ్యేత్తును ప్రేమయు’ కలుగుగాక యని రష్యనులు దీవింతురు. అచ్చట నది సామరస్యమే కాని సర్కారు కాదు!

ఇది విప్లవకారులు సృజించిన పదమును కాదు. 1810లో మొదటి అలెగ్జాండరు చక్రవర్తి నెలకొల్పిన రాజ్యాలోచనసభకును ఇదే పేరు. ఆ సభ్యులను చక్రవర్తియే నియమించెడివాడు. 1905లో ఈ పదము రాజభవనమునుండి మిల్లుల వీథికి దిగివచ్చెను. ఆ యేటి మే నెలలో ఇవానొవొ-వొజ్నెసెన్స్కు పట్టణపు బట్టలమిల్లుల కార్మికులు సమ్మెకట్టి, యజమానులతో మాటలాడుటకు సుమారు 150 మంది ప్రతినిధుల నెన్నుకొనిరి. అక్టోబరులో సెంటుపీటర్సుబర్గునందును అట్టి సభ యేర్పడెను. 500 మంది కార్మికులకొక ప్రతినిధి. నమ్మకము దప్పినవానిని పంపినవారే వెనుకకు పిలువవచ్చును. సుమారు ఏబది దినములకు ప్రభుత్వము సభ్యులను బంధించెను గాని, యా పద్ధతి జనుల మనస్సున నిలిచిపోయెను.

కావుననే 1917 ఫిబ్రవరి విప్లవమున చక్రవర్తి సింహాసనము కూలగానే పెట్రోగ్రాడునందు కార్మిక సైనిక ప్రతినిధుల సోవియట్టు తిరిగి లేచెను. ఒకవంక తాత్కాలిక ప్రభుత్వము, మఱియొకవంక సోవియట్టు. రాజధానిలో రెండధికారములు వెలసెను. సర్వాధికారములును సోవియట్టులకే యని లెనిను నినదించెను. ఆ నవంబరులో, పాత పంచాంగము చొప్పున అక్టోబరులో, ఆయన పక్షము ఆ పేరిటనే యధికారమును చేపట్టెను.

అచ్చటనుండి పేరు పెరిగినది, తీరు తరిగినది. 1918 జూనులో ప్రతిపక్షములవారిని సోవియట్టుల కేంద్ర కార్యనిర్వాహకసభనుండి వెడలగొట్టిరి. 1921 మార్చిలో క్రోన్‌స్టాటు నావికులు రహస్యమైన వోటుతో సోవియట్టులకు మరల నెన్నికలు జరుపుడని తిరుగబడగా, వారిని సైన్యముచే నణచిరి. 1922 డిసెంబరు 30న నేర్పడిన యూనియను సోవియట్టు నామమునే ధరించెను. 1936 రాజ్యాంగము సుప్రీముసోవియట్టును నిర్మించి, ప్రజలందఱికిని రహస్యమైన వోటు నొసంగెను. కాని మఱుసటి యేటి యెన్నికలలో స్థానమున కొక్కడే యభ్యర్థి! సభ స్వల్పదినములు కూడి, పార్టీనాయకు లంతకుమున్నే నిర్ణయించినదానిని ఏకగ్రీవముగ నంగీకరించెడిది. ఆలోచన కూడదను చోట ఆలోచనసభకు పనియేమి?

1989లో పోటీతోకూడిన యెన్నికలు జరిగి, సభలో ప్రశ్నలు వినబడెను. అప్పటికి కాలము మించినది. 1991 డిసెంబరున యూనియను ముగిసెను. 1993 సెప్టెంబరులో అధ్యక్షుడు యెల్ట్సిను రష్యా సుప్రీముసోవియట్టును రద్దుచేయగా సభ్యులు లొంగలేదు. అక్టోబరు 4న టాంకులు సభామందిరముపై గుండ్లు కురిపించెను. అయినను మాట చావలేదు. నేటి రష్యా పార్లమెంటు పైసభ పేరిలోను, భద్రతామండలి పేరిలోను ‘సొవ్యేత్’ ఉన్నది.

ఇచ్చట నొక విశేషము గమనింపదగినది. జర్మనులు 1918లోను, హంగరీవారు 1919లోను ఇట్టి సభలను స్థాపించి వానికి స్వభాషాపదములనే యుపయోగించిరి. ఉక్రెయినువారు ‘రాద’ యనిరి. నేటికిని వారి పార్లమెంటు పేరది. ఆంగ్లేయులు మాత్రము రష్యనుమాటను యథాతథముగ గైకొనిరి. మన తెలుగు పత్రికలును వారిననుసరించెను. ‘ఆలోచనసభల రాజ్యము’ అని మనము తెనిగించియుండినచో, ఆ సభలలో ఆలోచన జరుగుచున్నదా యను ప్రశ్న పాఠకునకు సహజముగనే తోచియుండెడిది. అర్థము తెలియని పేరు అభిమానికి మంత్రమయ్యెను, ద్వేషికి దయ్యమయ్యెను. పరీక్ష యిరువురకును తప్పినది.

సభకు ప్రాణము పేరు కాదు. భిన్నాభిప్రాయమును పలుకు స్వాతంత్ర్యమును, పంపినవారికి ప్రతినిధిని మార్చుకొను హక్కును దానికి ప్రాణములు. 1905లో సమ్మెకట్టిన నేతపనివారికి ఈ రెండును తెలిసియుండెను. ఏ దేశమందైనను, ఏ పేరిటనైనను సభలుగల ప్రజలు తమ సభల నీ గీటుఱాతిమీద నొరసి చూచుకొనుట మేలు.