తుపాను తీరానిదే, మెట్టది కాదా?

తుపాను హెచ్చరిక రాగానే అధికార యంత్రాంగమంతా తీరానికి పరుగెడుతుంది. పరుగెత్తాల్సిందే, ముందు ప్రాణాలు కాపాడాలి. కానీ వాన వెలిశాక ఉదయగిరి, ఆత్మకూరు వైపు తిరిగి చూసేదెవరు? "మీది మెట్ట, కరువు ప్రాంతం, తుపానుతో మీకేం పని?" అంటారు. ఈ మాట తప్పు.

నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. అందులో పెద్ద వాటా వాయుగుండాలు, తుపానులదే. అవి రాకుంటే చెరువు నిండదు, బోరు పొయ్యదు. విరుచుకుపడితే కట్టలు తెగుతాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ మన తీరం వెంబడే నెమ్మదిగా కదిలి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. తుపాను ఎంత మెల్లగా నడిస్తే ఒకేచోట అంత వాన. నాటిన పొగాకులో నీళ్లు నిలిస్తే రైతు మునిగినట్టే.

ఇక సముద్రం సంగతి చూడండి. తుపానుకు మేత వేడి నీరే. మామూలుగా తుపాను గాలి సముద్రాన్ని చిలికి అడుగు చల్లనీటిని పైకి తెస్తుంది, దాంతో తన బలం తానే తగ్గించుకుంటుంది. బంగాళాఖాతంలో ఆ కళ్లెం వదులు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చిన మంచినీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద మూతలా తేలుతుంది. చల్లనీరు పైకి రాలేదు. అక్టోబరు నుంచి తీర ప్రవాహం దక్షిణానికి మళ్లి, ఆ నీటిని మన తీరం పక్కకే తెస్తుంది. సరిగ్గా అదే తుపానుల కాలం. పైగా భూతాపంతో సముద్రం ఏటా వేడెక్కుతోంది. ఇన్ని తెలిసీ "ప్రకృతి వైపరీత్యం, ఏం చేస్తాం" అని చేతులు దులుపుకోవడం కుదరదు.

వైపరీత్యం ప్రకృతిదే, నిర్లక్ష్యం మాత్రం పాలకులది. 1996లో శంకుస్థాపన చేసిన వెలిగొండ నీళ్లు ఉదయగిరి చేలకు ఇంకా పారలేదు. కాలువ లేని మెట్టకు తుపాను వానే దిక్కు. ఆ వానను పట్టుకునే చెరువులనూ గాలికొదిలేస్తే ఎలా?

అందుకే అడుగుతున్నాం. సెప్టెంబరు లోపే చెరువు కట్టలు, తూములు, కలుజులు బాగుచేయాలి. ప్రతి గ్రామంలో వాన కొలిచి, ఆ లెక్కతోనే బీమా కట్టాలి. 33 శాతం నష్టం లెక్క ఆఫీసులో కాదు, చేలో దిగి వేయాలి. కౌలు రైతు పేరు కూడా జాబితాలో ఉండాలి.

ఇది దయ కాదు, హక్కు. ఈ నెలలోనే ప్రతి గ్రామ సభలో తీర్మానం చేయించి తహసీల్దారుకు అందజేద్దాం.