వెలుగులు నగరాలకు.. బూడిద పల్లెలకా?

లక్సెట్టిపేట: రాష్ట్రానికి బొగ్గు, విద్యుత్తు, సిమెంటు, ఎరువులు అందిస్తున్న ఘనత ఈ గోదావరి తీరానిది. మంచిర్యాల జిల్లా జైపూర్ మండలం పెగడపల్లి వద్ద 1,200 మెగావాట్ల సింగరేణి థర్మల్ విద్యుత్తు కేంద్రం 2016 నుంచి పనిచేస్తున్నది. నదికి ఆవల పెద్దపల్లి జిల్లా రామగుండంలో ఎన్టీపీసీకి 2,600 మెగావాట్ల పాత కేంద్రం, దాని పక్కనే 1,600 మెగావాట్ల కొత్త కేంద్రం ఉన్నాయి. దేవాపూర్ సిమెంటు కర్మాగారం, ఓపెన్‌కాస్టు గనులు సరేసరి. ఉత్పత్తులు నలుమూలలకూ తరలిపోతుండగా పొగ, ధూళి, బూడిద ఇక్కడి పల్లెల వాటాకు మిగులుతున్నాయి. ఈ అసమానతను సరిదిద్దవలసిన నిబంధనలే 2025లో సడలడం ఆందోళన కలిగించే పరిణామం.

జనాభా లెక్కన రక్షణ

కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరులో థర్మల్ కేంద్రాలకు కఠినమైన ఉద్గార పరిమితులు విధించింది. పొగ నుంచి సల్ఫర్ డయాక్సైడ్‌ను తొలగించే ఎఫ్‌జీడీ యంత్రాలను రెండేళ్లలో అమర్చాలన్నది లక్ష్యం. గడువు పలుమార్లు వాయిదా పడింది. చివరకు 2025 జులైలో, దేశ రాజధాని ప్రాంతానికి లేదా 10 లక్షలకు పైగా జనాభా గల నగరాలకు 10 కిలోమీటర్ల లోపున్న కేంద్రాలకే ఈ నిబంధనను తప్పనిసరి చేశారు. తీవ్ర కాలుష్య ప్రాంతాలు, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల సమీపంలోని కేంద్రాలను విడివిడిగా పరిశీలిస్తారు. మిగిలినవాటికి పొగగొట్టం ఎత్తు షరతుతో మినహాయింపు లభించింది. దేశంలోని యూనిట్లలో నాలుగింట మూడు వంతులకు పైగా ఈ చివరి కోవలోనివే.

జైపూర్ పక్కన గాని, రామగుండం పక్కన గాని పది లక్షల జనాభా గల నగరం లేదు. 2019లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలోనూ రాష్ట్రం నుంచి హైదరాబాద్, పటాన్‌చెరు, సంగారెడ్డి, నల్గొండలకు చోటు దక్కింది తప్ప బొగ్గు పట్టణాలకు దక్కలేదు. ఊపిరితిత్తులకు నగరం, పల్లె అన్న తేడా ఉంటుందా?

వాదనలో పస ఎంత?

మన బొగ్గులో గంధకం తక్కువని, ఎఫ్‌జీడీ వ్యయం చివరకు విద్యుత్తు చార్జీలపై పడుతుందని మినహాయింపును సమర్థించేవారు చెబుతున్నారు. ఈ వాదనను తోసిపుచ్చలేం. అయితే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో కొంత దూరం ప్రయాణించాక సల్ఫేటు సూక్ష్మ ధూళిగా మారుతుంది. పొగగొట్టం ఎత్తు పెంచితే దగ్గరి ఊరికి ఉపశమనమే గాని, భారం దూరపు ఊళ్లకు బదిలీ అవుతుంది. పైగా ఈ యంత్రానికి కావలసింది సున్నపురాయి, దాని నుంచి వెలువడేది జిప్సం. సున్నపురాయి నిల్వలు, జిప్సం వాడే సిమెంటు పరిశ్రమ రెండూ ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. ఇతర చోట్ల భారంగా తోచే ఖర్చు ఇక్కడ కొంత తగ్గే అవకాశం ఉన్నది. సింగరేణి సంస్థ జైపూర్‌లో ఎఫ్‌జీడీ ఏర్పాటుకు లోగడే పూనుకోవడం హర్షణీయం. అయితే యంత్రం కట్టడం ఒక ఎత్తు, నిబంధన సడలినా ఏడాది పొడవునా నడపడం మరో ఎత్తు.

విరాళం వేరు, బాధ్యత వేరు

2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయికి మించిన సంస్థలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద వెచ్చించాలి. ఆ నిధులతో తాగునీటి ప్లాంట్లు, బస్ షెల్టర్లు, వైద్య శిబిరాలు వెలుస్తున్నాయి. మంచిదే. కానీ పొగను అదుపు చేయడం దాతృత్వం కాదు, 1981 వాయు కాలుష్య నివారణ చట్టం విధించిన విధి. కాలుష్యకారకులే నష్టాన్ని భరించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లోనే స్పష్టం చేసింది. బస్ షెల్టర్ కట్టించినంత మాత్రాన ఆ విధి తీరిపోదు.

చేయవలసినదేమిటి?

మొదటిది, గాలిని కొలవాలి. నిరంతర పరిశీలన కేంద్రాలు అధికంగా హైదరాబాద్ పరిసరాలకే పరిమితమయ్యాయి. కొలత లేనిచోట ఫిర్యాదుకు సాక్ష్యం ఉండదు. జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధులను పర్యావరణ పరిరక్షణకు, ఆరోగ్యానికి వాడవచ్చు గనుక గనుల మండలాల్లోనూ, 63వ జాతీయ రహదారిపై ఉన్న లక్సెట్టిపేటలోనూ ఇటువంటి కేంద్రాలు నెలకొల్పడం సాధ్యమే. రెండోది, బొగ్గు, బూడిద లారీలు టార్పాలిన్ కప్పకుండా రోడ్డెక్కకుండా చూడాలి. మూడోది, పర్యావరణ అనుమతి పొందిన సంస్థలు ఆరు నెలలకోసారి సమర్పించే నివేదికలను తెలుగులో గ్రామపంచాయతీల్లో ప్రదర్శించాలి. 2005 సమాచార హక్కు చట్టం ప్రజల చేతిలో ఎలాగూ ఉన్నది.

కాలుష్యం లేని గాలి, నీరు జీవించే హక్కులో భాగమేనని 1991లోనే సర్వోన్నత న్యాయస్థానం పేర్కొన్నది. ఆ హక్కును జనాభా లెక్కతో కొలవడం తగదు. రాష్ట్రానికి వెలుగు పంచుతున్న ప్రాంతానికి శుభ్రమైన గాలి దక్కేలా చూడవలసిన బాధ్యత పరిశ్రమలది, వాటిని అడగవలసిన బాధ్యత ప్రజాప్రతినిధులది.