పాట వినుచు కథ వ్రాయుట

కథ వ్రాయునప్పుడు పాటలు వినుట మేలా, కాదా యని కొందరు చెలులు మమ్మడిగిరి. మా యనుభవమునే విన్నవించెదము.

మా నెమలి గ్రామమున వెలసిన దైవము వేణుగోపాలస్వామి. మురళీధరుని యూర నుండి సంగీతము వలదనుటకు మాకు నోరాడదు. అదిగాక, వంటిల్లు సర్దుకొని కలము పట్టునప్పుడు మేమును సెల్‌ఫోనులో పాట పెట్టుకొనెడివారము. నిజము చెప్పవలెనన్న, అది రాగముపై ప్రీతిచేత మాత్రమే కాదు. తలుపులేని చోట వ్రాసికొను ఆడుదానికి పాటయే తలుపు. గిన్నెల చప్పుడు, పిల్లల తగవు, వీథిలోని పిలుపు, అన్నియు దాని కావలనే యుండును.

క్రిందటి మాసమున నొక కథ వ్రాసితిమి. అత్తవారింటికి పోవు కూతునకు తల్లి పెట్టె సర్దు ఘట్టమది. చెవిలో ముఖారి రాగము. మా కన్నీరు కాగితముపై బడెను. ఎంత చక్కగా వ్రాసితిమో యని మురిసిపోతిమి. మరునాటి యుదయమున నిశ్శబ్దముగా చదువగా నందు "ఆమె మిక్కిలి దుఃఖించెను" అను వాక్యము తప్ప మరేమియు లేదు. మమ్మేడ్పించినది రాగము, మా వాక్యము గాదు. చదువరికి మా కాగితమందును గాని మా పాట యందదు గదా!

మాటలుగల పాటలతో మరియొక చిక్కు. సలామే, బాడ్లీ యను మనశ్శాస్త్రజ్ఞులు 1989లో ప్రకటించిన పరిశోధనలో, అంకెలను వరుసగా మనసున నిలుపుకొనుటకు వాద్యసంగీతముకంటె గాత్రమే యెక్కువ యడ్డమని తేలినది. వాక్యము కూర్చుటయు మాటలను లోచెవిలో నిలుపుకొనుటయే. పరుల మాట యందు దూరిన మన మాట జారిపోవును.

అట్లని సంగీతము కథకు పగ గాదు. అడివి బాపిరాజుగారు చిత్రకారులు, గాయకులు, నవలాకారులు. వారి 'నారాయణరావు', విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు' 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని పంచుకొనినవి. విశ్వనాథవారు తమ నవలను నోట చెప్పుచుండగా తమ్ముడు వ్రాసిరందురు. నోట చెప్పిన వాక్యమునకు తొలి పరీక్ష చెవియే. వ్రాసిపెట్టు తమ్ముడు మనకు లేకున్నను, వ్రాసినదానిని పైకి చదివికొనుటకు అడ్డేమి?

కావున పాటను వ్రాతకు ముందు విందము, వ్రాయునప్పుడు ఆపుదము, పిదప వ్రాసినదానిని బిగ్గరగా చదువుదము.

ఇక తలుపు మాట. కాపురమునకు వచ్చిన యిన్నేండ్లలో మొదటిసారి మా యత్తగారి నడిగితిమి: "అత్తయ్యగారూ, దీపాలు పెట్టాక ఒక్క అరగంట నన్నెవరూ పిలవకుండా చూస్తారా?"

"ఇంతేనా అమ్మాయీ? ఇన్నాళ్లూ అడగవేం?" అని యామె వసారాలో పీట వేసికొని పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొనిరి.

ఆ యరగంటలో ఘట్టమును తిరిగి వ్రాసితిమి. తల్లి ఆవకాయజాడీని పాతచీరపేలికతో చుట్టి, ముడి వేసి, విప్పి, మరల వేయుచున్నది. ఈసారి మాకు కన్నీరు రాలేదు. చదివి వినిపింపగా మా యత్తగారు కొంగుతో కన్నులొత్తుకొనిరి.