కరిగిపోతుందన్న ధీమా

పెద్దవాళ్లకు పొలమారితే మాడు మీద తట్టి ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అంటారు. నాలుగు దగ్గులు దగ్గి, కళ్లు తుడుచుకుంటే సర్దుకుంటుంది. నెలల పసికందు సంగతి వేరు. కడుపులోకి పోవలసింది ఊపిరితిత్తుల్లోకి జారినా చాలాసార్లు దగ్గే రాదు. ఒక్కోసారి బిడ్డ ఊపిరి తీయడమే ఆపేస్తుంది. పెదాలు నీలం తిరిగేదాకా పక్కనున్నవాళ్లకు తెలియదు.

ఎక్స్‌రే గదిలో పసిపిల్లలకు కాంట్రాస్ట్ మందు తాగించేటప్పుడు గుర్తుండవలసిన తేడా ఇది. అయినా ఒక మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది: ‘బేరియం అయితే భయపడాలి గానీ, అయోడిన్ మందు నీళ్లలో కరిగేదే. ఊపిరితిత్తుల్లోకి పోయినా ఒంట్లో కలిసిపోతుంది.’ ఇది తప్పు. గాఢత ఎక్కువున్న పాతరకం మందుల విషయంలో ప్రాణం తీసే తప్పు.

మాగాయకు కోసిన ముక్కల్లో ఉప్పు కలిపి ఉంచితే మూడోనాటికి జాడీలో ఊట దిగుతుంది. ముక్కలోని నీటిని ఉప్పు లాగేస్తుంది. ఆ పాతరకం మందుల్లో ఒకటైన గ్యాస్ట్రోగ్రాఫిన్ ఊపిరితిత్తుల్లో పడితే చేసేదీ అదే. రక్తం గాఢత కిలోకు సుమారు 290 మిల్లీఆస్మోల్స్ అయితే, నీళ్లు కలపని ఈ మందుది దాదాపు 1900. ఆరు రెట్లకు పైమాటే. గాలి సంచుల చుట్టూ అల్లుకున్న సన్నని రక్తనాళాల నుంచి అది నీటిని గుంజుతుంది. గాలి నిండవలసిన చోట ఊట నిండుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణాపాయం కలగవచ్చని ఆ మందు తయారీదారులే హెచ్చరిస్తున్నారు.

‘తాగించేది కొంచెమే కదా’ అన్న సమాధానమూ నిలవదు. మూడు కిలోల శిశువు ఒక్కో ఊపిరికి పీల్చుకునే గాలి దాదాపు 18 మిల్లీలీటర్లు. చెంచాడు మందు 5 మిల్లీలీటర్లు. అంటే బిడ్డ ఊపిరిలో పావువంతుకు మించి!

ఈ ధీమాకు మూలం లేకపోలేదు. అన్నవాహికకో పేగుకో చిల్లు పడిందన్న అనుమానం ఉంటే బేరియం వాడకూడదు. అది బయటికి కారితే తీవ్రమైన వాపు వస్తుంది. అక్కడ నీళ్లలో కరిగే మందే సరైనది. పురిటి బిడ్డల పేగుల్లో జిగటగా అడ్డుపడిన తొలి మలాన్ని గ్యాస్ట్రోగ్రాఫిన్ ఎనిమాతో, ఆపరేషన్ లేకుండా కదిలించవచ్చని 1969లో డాక్టర్ హెలెన్ నోబ్లెట్ చూపారు. ఆ మలాన్ని పలచబరిచేది నీటిని లాగే గుణమే. అక్కడ కూడా బిడ్డ ఒంట్లో నీరు తగ్గిపోకుండా సెలైన్ ఎక్కించాలి. పేగులో మేలు చేసిన గుణమే ఊపిరితిత్తుల్లో ముంచుతుంది.

బేరియం నిరపాయమని కాదు. కొద్దిగా పోతే చాలావరకు కఫంతో బయటికొస్తుంది, ఎక్కువ పోతే న్యుమోనియా తెస్తుంది. చిల్లు అనుమానం లేకుండా, పొలమారే భయమే ఉన్న బిడ్డకు పలచని బేరియమో, అయోహెక్సాల్ వంటి తక్కువ గాఢత మందో ఎంచుకోవాలి. అయోడిక్సనాల్ గాఢత రక్తంతో సమానం.

అసలు మందే అక్కర్లేని సందర్భం ఒకటుంది. సుమారు మూడున్నర వేల కాన్పుల్లో ఒక బిడ్డ అన్నవాహిక తెగి పుడుతుంది. నోటి నిండా నురగ. లోపలికి పంపిన ట్యూబు పది సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. మామూలు ఎక్స్‌రేలో ఆ ట్యూబు చుట్టచుట్టుకుని కనిపిస్తే జబ్బు తేలినట్టే. పొట్టలో గాలి ఉంటే కిందిభాగం శ్వాసనాళంతో కలిసిందని కూడా తెలిసిపోతుంది. ఇంకా నిర్ధారణ కోసమని ఆ మూసుకుపోయిన సంచిలో మందు పోస్తే, అది పొంగి పక్కనే ఉన్న శ్వాసనాళంలోకే పోతుంది.

పరీక్షలే మానేయమని ఎవరూ అనడం లేదు. ఆకుపచ్చ వాంతి చేసుకున్న పసిబిడ్డకు పేగు మెలిపడిందేమో గంటల్లో తేల్చాలి, అందుకు కాంట్రాస్ట్ కావాలి. అయితే పాలసీసాతో హడావిడిగా పట్టకుండా కడుపులోకి వేసిన ట్యూబుతో, తెర మీద చూస్తూ కొద్దికొద్దిగా ఇవ్వాలి. సక్షన్, ఆక్సిజన్ చేతికందేలా ఉండాలి. పరీక్ష అయ్యాక పొట్టలో మిగిలింది వెనక్కి లాగేయాలి. కేసు షీటులో ‘కాంట్రాస్ట్ ఇచ్చాం’ అని రాసి వదిలేయడం కుదరదు. ఏ మందు, ఎంత గాఢత, ఎన్ని మిల్లీలీటర్లు, నోటితోనా ట్యూబుతోనా అన్నది ఉండాలి. రాత్రి రెండింటికి ఆ బిడ్డ డొక్కలెగరేస్తూ ఉంటే, డ్యూటీ డాక్టరు ముందుగా వెతికేది ఆ వాక్యం కోసమే.