కంటిలో తెర వెలిగినా తీరని కొరత

కార్నియా దెబ్బతిని అంధులైనవారికి కంటి లోపలే సూక్ష్మమైన తెరను అమర్చి చూపు కల్పించాలన్న ఆలోచనపై అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కృషి చేస్తున్నారు. ఇంకా సాధారణ చికిత్సగా రూపొందని ఈ పరికరం, నేత్రదాతల కొరతతో సతమతమవుతున్న భారత్‌కు ఏ మేరకు ఉపకరిస్తుందన్నది పరిశీలించదగిన ప్రశ్న.

కంటి ముందుభాగంలోని పారదర్శక పొరే కార్నియా. అది తెల్లబారితే, వెనుకనున్న రెటీనా ఆరోగ్యంగా ఉన్నప్పటికీ దానిపై స్పష్టమైన ప్రతిబింబం ఏర్పడదు. కొత్త విధానం ఆ పొరను మార్చదు, దాటిపోతుంది. కళ్లజోడుకు అమర్చిన కెమెరా తీసిన దృశ్యం వైర్‌లెస్ సంకేతాలుగా కంటిలోని తెరకు చేరుతుంది. తెరపై వెలిగిన బొమ్మను చిన్న కటకం రెటీనాపై కేంద్రీకరిస్తుంది. రెటీనా వ్యాధులకు వాడే ఇంప్లాంట్లు కణాలను విద్యుత్తుతో ప్రేరేపిస్తాయి. ఇక్కడ మాత్రం చూసే పని సహజ రెటీనాదే.

కార్నియా మార్పిడి కొత్తది కాదు. 1905లో ఎడ్వర్డ్ జిర్మ్ తొలిసారి దానిని విజయవంతంగా నిర్వహించారు. కొరత మాత్రం తీరలేదు. ప్రపంచవ్యాప్తంగా 1.27 కోట్ల మంది మార్పిడికి ఎదురుచూస్తున్నారని, అవసరమైన ప్రతి 70 కార్నియాలకు ఒక్కటే లభిస్తోందని 2016లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది.

దాత కార్నియా దొరికినా అందరికీ అది నిలవదు. సున్నం, ఆమ్లం పడి కాలిన కళ్లలో, స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ బాధితుల్లో మార్పిడి తరచూ విఫలమవుతుంది. వారికి ఉన్న మార్గం కృత్రిమ కార్నియా. దానికీ గ్లాకోమా, ఇన్ఫెక్షన్ల ముప్పు తప్పదు. కంటి తెర ప్రధానంగా ఆశ కల్పించేది ఇలాంటివారికే.

అయితే కంటిలో వేడి పెరగకుండా తగిన విద్యుత్తును అందించడం, చిన్న తెరపై స్పష్టత సాధించడం సులభం కాదు. అమర్చిన తర్వాతి బాధ్యత మరో సమస్య. ఆర్గస్-2 రెటీనా ఇంప్లాంట్‌ను తయారు చేసిన సంస్థ ఆ ఉత్పత్తిని నిలిపివేయడంతో, దానిని అమర్చుకున్నవారు మరమ్మతులకు దిక్కులేక మిగిలారు. శరీరంలో ఉండే యంత్రానికి దీర్ఘకాలిక హామీ లేకపోతే చూపు రెండోసారి పోయినట్టే.

మరోవైపు, మరణించిన ఆరు గంటల్లోపు సేకరిస్తే కార్నియా మరొకరికి పనికొస్తుంది. దాత వృద్ధులైనా, కళ్లజోడు వాడినా, శుక్లాల శస్త్రచికిత్స చేయించుకున్నా సాధారణంగా అభ్యంతరం లేదు. 1961లో హడ్సన్ సిల్వా నెలకొల్పిన శ్రీలంక నేత్రదాన సంఘం పరదేశాలకు సైతం కార్నియాలను పంపుతోంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 50 వేలకు పైగా కార్నియా మార్పిడులు చేసింది. నైపుణ్యం దేశంలోనే ఉంది. కావలసింది, ఆసుపత్రిలో మరణం సంభవించిన వేళ కుటుంబాన్ని సకాలంలో, సానుభూతితో అడిగే వ్యవస్థ.

మార్పిడి నిలవని కళ్లకు తెర రావాలి. తక్కినవారి నిరీక్షణను మాత్రం నేత్రదానం ఇప్పుడే తగ్గించగలదు.